వెండితెరకు తెల్లరంగు

2016వ సంవత్సరం. దసరాకు కొత్త జిల్లాలు వస్తున్నాయని ఎక్కడ నలుగురు కలిసినా అదే ముచ్చట. అప్పుడు నేను కరీంనగర్‌లో, బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక పాత టాకీసులో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. ఆ ఎండాకాలమే మా టాకీసుకు త్రీడీ వచ్చింది. పాత తెర తీసేసి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, నేల నుంచి కప్పు దాకా కొత్త తెర కట్టారు. అంత పెద్దది చుట్టుపక్కల లేదని మా పటేలు వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవారు. టాకీసు ఆయనది. హుస్నాబాద్ వైపు భూములున్న కుటుంబం. ఊళ్లో అందరిలాగే మేమూ ఆయనను పటేలనే పిలిచేవాళ్లం.

శ్రావ్యా, చింటూ, మొన్న మీరు ఫోన్‌లో అడిగారు కదా. ముంబైలో పెద్ద తెర మీద త్రీడీ సినిమా చూసి, ఆ కళ్లద్దాలు జేబులో వేసుకొచ్చి, భివండీలో ఇంటి టీవీ ముందు పెట్టుకుంటే ఏమీ బయటికి రాలేదని. అద్దాలు పాడయ్యాయా అమ్మమ్మా అని. అద్దాలు బాగానే ఉంటాయి బిడ్డా. వాటికి జోడు కావలసినవి ఇంకా ఉన్నాయి. ఆ సంగతి నాకు పుస్తకంలో చదివితే తెలియలేదు. మా టాకీసులో జరిగిన ఒక పొరపాటు వల్ల తెలిసింది.

ఆడమనిషివి ప్రొజెక్టర్ గదిలోకి ఎలా పోయావని మీ అమ్మ స్నేహితురాళ్లు అడుగుతుంటారట. మీ తాత అక్కడే ఆపరేటర్. రీళ్ల కాలంలో నేను అన్నం డబ్బా తీసుకుపోయేదాన్ని. ఆయన తినేంతసేపు రీలు నేను చూసుకునేదాన్ని. అట్లా చూస్తూ చూస్తూ పని వచ్చేసింది. రీళ్లు పోయి డిజిటల్ వచ్చాక మీ తాత ఆ కంప్యూటర్ ముందు కొన్నాళ్లు కూర్చుని, "సరోజనా, గిది నాతోని కాదు, నువ్వే సూస్కో" అని సైకిల్ స్టాండుకు మారిపోయారు. పటేలు అడ్డు చెప్పలేదు. "ఎవలైతేంది, బొమ్మ పడాలె గంతే" అన్నారు.

ముందు త్రీడీ అంటే ఏమిటో చెప్తాను. బొటనవేలు ముక్కుకు ఎదురుగా పెట్టుకుని, ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి. వేలు జరిగినట్టు కనిపిస్తుంది. మన రెండు కళ్లూ ఒకే వస్తువును రెండు చోట్ల నుంచి చూస్తాయి. ఆ రెండు బొమ్మల్లోని తేడాను పట్టుకునే మన బుర్ర ఏది దగ్గర, ఏది దూరం అని లెక్క కడుతుంది. త్రీడీ సినిమాను కూడా పక్కపక్కనే రెండు కళ్లున్నట్టుగా తీస్తారు. టాకీసులో ఆ రెండు బొమ్మలనూ ఒకే తెర మీద, ఒకదాని వెంట ఒకటి, మన చూపుకు అందనంత వేగంగా వేస్తాం. ఎడమ కంటి బొమ్మ ఎడమ కంటికే, కుడి కంటిది కుడి కంటికే చేరాలి. కిటుకంతా అక్కడే ఉంది.

అందుకోసం ప్రొజెక్టర్ ముందు పోలరైజర్ అనే పలక ఒకటి ఉంటుంది. అది వెలుగుకు ఒక మెలిక పెడుతుంది. మీ నాన్న కార్ఖానాలో నూలు చూశారు కదా, కొంత కుడిపురి తిప్పి ఉంటుంది, కొంత ఎడమపురి. అట్లాగే ఈ పలక ఒక కంటి బొమ్మ వెలుగును కుడిపురి, రెండో కంటి బొమ్మ వెలుగును ఎడమపురి తిప్పి పంపిస్తుంది. కళ్లద్దాల్లో ఒక అద్దం కుడిపురిని మాత్రమే లోపలికి రానిస్తుంది, ఇంకోటి ఎడమపురిని మాత్రమే. మీ ఇంటి టీవీ వెలుగును ఇట్లా రెండు పురులుగా వేరు చేసి పంపదు. అందుకే మీ అద్దాలకు అక్కడ పని దొరకలేదు.

మధ్యలో తెర ఉంది. దాని సంగతి ఎవరూ ఆలోచించరు. త్రీడీ తెరను సిల్వర్ స్క్రీన్ అంటారు, దాని మీద అల్యూమినియం పొడి పూత ఉంటుంది. లైట్లు వేసి చూస్తే ఏమంత అందంగా ఉండదు. తోమని సిల్వర్ గిన్నెలా బూడిద రంగులో, మసకగా ఉంటుంది. మా తెర కట్టిన హైదరాబాద్ ఇంజనీరు పోయేముందు పటేలును, నన్ను, వాచ్‌మన్ ఓదెలును నిలబెట్టి, "తెర మీద ఎవరూ చెయ్యి పెట్టొద్దు, కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వొద్దు" అని చెప్పిపోయాడు. వేలిముద్రలు పడతాయేమో అనుకున్నాం. ఎందుకని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇక రాజలింగు. కరీంనగర్‌లో, జగిత్యాలలో, మంచిర్యాల వైపు ఏ టాకీసులోనైనా తెరకు రంగు వేయాలంటే రాజలింగునే పిలిచేవారు. పద్మశాలీల ఇంట్లో పుట్టి, చిన్నప్పుడు మరమగ్గాల మీద పనిచేసి, ఆ జీతం చాలక రంగుల పనిలోకి వచ్చినవాడు. తెరకు రంగు వేయడం గోడకు వేసినట్టు కాదు. తెర నిండా సన్న సన్న చిల్లులు ఉంటాయి. స్పీకర్లు తెర వెనక ఉంటాయి కాబట్టి శబ్దం ఆ చిల్లుల్లోంచే రావాలి. కుంచెతో వేస్తే చిల్లులు పూడిపోతాయి. రాజలింగు స్ప్రే గన్‌తో, పొర మీద పొర, ఒక్క చిల్లు పూడకుండా వేసేవాడు.

మా టాకీసులో ఒక పద్ధతి ఉండేది. ఏటా దసరాకు ముందు తెరకు తెల్లరంగు పడాలి. ఆయుధపూజ నాడు ప్రొజెక్టర్‌కు బొట్టు పెట్టి, తెర ముందు కొబ్బరికాయ కొట్టి, రాజలింగుకు కొత్త బట్టలు పెట్టేవారు. రాజలింగును ఎవరూ పిలవరు. ఆ రోజులు వస్తే గన్ను, డబ్బాలు పట్టుకుని తనే వస్తాడు. ఓదెలు గేటు తీస్తాడు. ఎన్నో ఏళ్లుగా అట్లాగే నడుస్తోంది.

ఆ ఏడు రాజలింగు ఎండాకాలమంతా చంద్రాపూర్ వైపు పనుల మీద ఉన్నాడు. తెర మార్చిన సంగతి అతనికి తెలియదు. దసరా ముందు కుర్చీల మరమ్మతు కోసం టాకీసు మూశారు. నేను బతుకమ్మకు ఆసిఫాబాద్‌లో ఉన్న మా అక్క ఇంటికి పోయాను. నేను తిరిగి వచ్చేసరికి తెర పాలనురుగులా తెల్లగా ఉంది.

రాజలింగన్న తెరకు రంగు వేశాడని గేటు దగ్గరే ఓదెలు చెప్పాడు. "రాజలింగన్నను ఎందుకు రానిచ్చినవ్?" అని అడిగాను.

"ఏటేటా వచ్చెటాయనే గదక్కా. కొత్తోళ్లను రానియ్యద్దని చెప్పిండ్రు గని, రాజలింగన్న కొత్తోడా?" అన్నాడు.

లోపల పటేలు సంబరంగా ఉన్నారు. మామూలు సినిమా ట్రైలర్ ఒకటి నాతో వేయించి చూశారు. నిజంగానే బాగుంది. సిల్వర్ స్క్రీన్‌కు ఒక గుణం ఉంటుంది. ఎదురుగా కూర్చున్నవారికి మిలమిల మెరుస్తుంది, పక్కల కూర్చున్నవారికి అంచులు మసకగా కనిపిస్తాయి. తెల్లరంగు పడ్డాక ఆ తేడా పోయింది. తెరంతా ఒకే తీరుగా ఉంది. "సరోజనమ్మా, లచ్చలు వోసి కట్టినోళ్లకు రాలే, మనోడు రెండు దినాలల్ల చేసిండు సూడు" అన్నారు. పక్కన రాజలింగు కొత్త చొక్కా వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మస్తు మురికి పట్టింది చెల్లె. ముందుగాల తడిబట్ట పెట్టి తుడిచిన, ఎంతకూ తెలుపెక్కలే. ఇగ మూడు పూతలు ఏసిన" అన్నాడు.

త్రీడీ సంగతి చూడాలి కదా అని పైకి పోయి, దీపావళికి ఒప్పుకున్న త్రీడీ బొమ్మ ట్రైలర్ వేశాను. రెండు జతల అద్దాలు తీసుకుని కిందికి వచ్చాను. ఒకటి నేను పెట్టుకున్నాను. తెర మీద ఒక్కో మనిషి వెనక ఇంకో మనిషి, పక్కకు జరిగి. దీన్నే ఘోస్టింగ్ అంటారు. ఒక కంటికి పోవలసిన బొమ్మ రెండో కంటికి కూడా కారిపోతే, దయ్యంలాగా నీడబొమ్మ కనిపిస్తుంది. మా తెర మీద అది నీడలా కూడా లేదు. రెండు బొమ్మలూ సమానంగా ఉన్నాయి.

పటేలు అద్దాలు పెట్టుకుని కాసేపు చూశారు. తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"సరోజనమ్మా, గా గుర్రానికి ఎన్మిది కాళ్లున్నయేంది?"

"రెండు బొమ్మలు కలిసిపోతున్నయ్ పటేలా."

"మిషిన్ల ఏమన్న తేడానా?"

"మిషిన్ మంచిగనే ఉన్నది. తెర."

ఆయన తెర వైపు చూశారు, తర్వాత రాజలింగు వైపు. మాట పెంచే మనిషి కాదు ఆయన. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గుతుంది, అదే భయం. "రాజలింగూ, నువ్వు చేసింది మురికి తుడుసుడు కాదు. నా తెరను తుడిచేసినవ్. ఇగ గీ గేటు లోపలికి రాకు" అన్నారు.

రాజలింగు బతిమాలలేదు. చేతిలోని సంచీ భుజానికి తగిలించుకుని, "పోత పటేలా. నేనేం పాడు చేసిన్నో ఒక్కసారి సూసి పోత" అన్నాడు. నేను నా అద్దాలు ఇచ్చాను. చాలాసేపు చూశాడు. ఎక్కడ రంగు తగ్గిందా అని వెతుకుతున్నట్టు మూల మూలకూ తల తిప్పాడు.

బయట మెట్ల మీద నా పక్కన కూర్చుని అడిగాడు. "పూత మంచిగనే వడ్డది గదా చెల్లె. ఏడ తప్పు వోయిన?"

ఇంజనీరుకు ఫోన్ చేశాను. ఆయన నిట్టూర్చి, కోప్పడకుండా, ఇంట్లో చేసి చూడగల ఒక పరీక్ష చెప్పాడు. అన్నం డబ్బా మూత, మనం సిల్వర్ అనే అల్యూమినియందే, మెట్ల కింద చీకట్లో గోడకు ఆనించి పెట్టాను. త్రీడీ అద్దాల్లో ఒక అద్దం వెనక టార్చి పెట్టి, ఆ వెలుగును మూత మీద వేశాను. రాజలింగును ఇంకో జత పెట్టుకుని ఒక్కో కన్ను మూసి చూడమన్నాను.

"ఈ కంటికి వెలుగున్నది. గా కంటికి లేదు, నల్లగున్నది" అన్నాడు.

అదే టార్చిని పక్కనున్న తెల్లగోడ మీదికి తిప్పాను.

"రెండు కండ్లకూ ఉన్నది."

"గదే అన్నా. సిల్వరేమో వెలుగును వచ్చినట్టే తిప్పి పంపిస్తది, మెలిక చెడకుంట. తెల్లరంగేమో అన్ని దిక్కులకు చెదరగొడ్తది. మెలిక ఊడిపోతది. ఇగ అద్దాలకు ఏది ఏ కంటిదో ఎర్కుండది."

అతను మూతను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "అంటే గా బూడిదరంగు మురికి కాదు" అన్నాడు మెల్లగా. "దాని పనే గది."

ఇంకో కారణం కూడా ఉంది. పోలరైజరూ అద్దాలూ కలిసి సగానికంటే ఎక్కువ వెలుగును మింగేస్తాయి. తెర పెద్దదైన కొద్దీ ఉన్న వెలుగు పలచబడుతుంది. సిల్వర్ పూత ఆ వెలుగును చెదరనీయకుండా జనం వైపే తిప్పుతుంది. ఆ గుణాన్నే గెయిన్ అంటారు. చిన్న గదిలో ఏదో విధంగా సర్దుకోవచ్చు గానీ, గోడంత తెరకు అది లేకపోతే త్రీడీ లేదు.

ఇంజనీరు చెప్పిన దారులు రెండే. కొత్త తెర తెప్పించాలంటే దీపావళి దాటిపోతుంది. లేదంటే సిల్వర్ రంగు ఉంటుంది, దాన్ని స్ప్రే చేయవచ్చు. కానీ వాళ్ల మనుషులందరూ పండుగ పనుల్లో ఉన్నారు. "అమ్మా, అది మామూలు రంగు కాదు. ఎక్కడైనా చెయ్యి ఆగితే అక్కడ చార పడుతుంది. వెలుగు పడగానే ప్రతి చారా కనిపిస్తుంది" అన్నాడు. పటేలు విని, దీపావళి బొమ్మ వదులుకుందామన్నారు. రాజలింగు మాట ఎత్తనివ్వలేదు. అప్పటికే పక్క టాకీసులకు వార్త పాకింది. తెర పాడుచేశాడన్న పేరు పడితే ఇక ఎవరు పిలుస్తారు? ఈ వయసులో అతను మళ్లీ మరమగ్గాల దగ్గరికి పోవాల్సిందే. ఆ మాట అతను అనలేదు. వాళ్ల ఇంటావిడ మా వాకిట్లో నిలబడి అంది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే రాజలింగు మా ఇంటికి వచ్చాడు. సైకిల్ వెనక చెక్కముక్కలు కట్టుకుని ఉన్నాడు. ఒక్కో దాని మీద ఒక్కో తీరు పూత. "గేట్లకు ఏసే సిల్వర్ రంగు ఇది చెల్లె. గీడ పలచగ, గీడ చిక్కగ. జర నీ టార్చి ఏసి సూడు" అన్నాడు.

వాకిట్లో దుప్పటి కట్టి చీకటి చేసి పరీక్షించాం. తెల్లగోడ కంటే మేలే గానీ, చీకటి కావలసిన కంట్లో ఇంకా వెలుగు కారుతూనే ఉంది. మీ తాత మంచం మీద నుంచి, "టాకీసు ఆడ ఇడిచిపెట్టి ఈడ నడుపుతున్నరా? టికెట్ ఎంత?" అని ఎగతాళి చేశారు. నేను ఇంజనీరుకు ఫోన్ కలిపి రాజలింగుకు ఇచ్చాను. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. గేటు రంగులో జిగురు ఎక్కువ, పొడి అందులో మునిగిపోయి అడ్డదిడ్డంగా నిలుస్తుందట. తెర రంగులో పొడి రేకులు రేకులుగా ఉంటుందట. ఆ రేకులు చాప పరిచినట్టు ఒకే తీరుగా పడుకోవాలి, అప్పుడే మెలిక చెడదు. గన్ను తెరకు ఎంత దూరంలో ఉండాలి, గాలి ఎంత పెట్టాలి, రాజలింగు అడుగుతూ పోయాడు. చివరికి ఇంజనీరే, "నేను ఒక చిన్న డబ్బా బస్సులో పంపిస్తాను, ముందు చెక్క మీద వెయ్యి" అన్నాడు.

డబ్బా వచ్చింది. రాజలింగు తలుపంత చెక్క మీద వేశాడు. టార్చి పరీక్షలో ఒక కంటికి మొత్తం నలుపు. ఇక పటేలుకు చూపించాలి. కానీ గేటు లోపలికి రాకూడదని మాట ఉంది కదా. నేను పటేలు దగ్గరికి పోయి, "చెక్క లోపటికి తెస్త పటేలా, ఎవలన్న పట్టుకోవాలె" అన్నాను. ఆయనకు అర్థమైంది. "పట్టుకునేటోని మొకం నేను చూడ. చెక్కనే చూస్త" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆట లేదు. హాల్లో పటేలు ఒక్కరే అద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. నేను పైన త్రీడీ ట్రైలర్ వేసి, కిటికీలోంచి చూస్తున్నాను. నా కళ్లకూ అద్దాలున్నాయి. తెరంతా రెండు బొమ్మలు కలిసి గజిబిజిగా ఉంది. రాజలింగు ఆ చెక్కను నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని స్టేజీ మీదికి వచ్చాడు. చెక్క ఉన్నంత మేర గజిబిజి పోయింది. అక్కడ ఒక్కటే బొమ్మ, లోతుగా, బావిలోకి చూసినట్టు. అతను ఎడమకు నడిస్తే ఆ లోతు కూడా ఎడమకు నడిచింది. ఒక చెట్టు కొమ్మ చెక్కలోకి రాగానే ముందుకు పొడుచుకొచ్చింది, దాటిపోగానే మళ్లీ చప్పగా రెండైపోయింది. అతనికి ఇదేమీ కనిపించదు, వీపు తెర వైపు, ముఖం మా వైపు, చేతులు పైకి. ఈ చివర నుంచి ఆ చివరకు పోయి మళ్లీ వచ్చాడు.

పటేలు అద్దాలు తీశారు. "ఓ రాజలింగూ, చేతులు గుంజుతలేవా? దించు" అన్నారు. బయటికి పోతూ గుమ్మంలో ఆగి, "గంత చెక్క మీద వచ్చినట్టు గంత తెర మీద వస్తదా?" అన్నారు.

"వస్తదని నేననను పటేలా. చెయ్యి ఆపకుంట ఏస్త. గది మాత్రం నాది" అన్నాడు రాజలింగు.

పటేలు సిల్వర్ రంగు డబ్బాలు తెప్పించారు. దసరాకు వేసిన మామూలు సినిమాల ఆటలు అయిపోయాక టాకీసు మూసి పని మొదలుపెట్టాం. రాజలింగు తెర వెనక ఫ్యాన్లు పెట్టించాడు, చిల్లుల్లోంచి గాలి ముందుకు వస్తుంటే రంగు వాటిల్లో నిలవదు. నేల మీద నీళ్లు చల్లించాడు, దుమ్ము లేవకుండా. గన్ను ముక్కుకు ఒక చీపురు పుల్ల కట్టాడు. దాని కొస తెరకు తగలకూడదు, దూరం కాకూడదు. చెయ్యి ఎంత దూరంలో ఉందో ఆ పుల్ల చెప్తుంది. చక్రాల మంచె మీద అతను నిలబడితే, ఓదెలు కింద నుంచి ఒకే వేగంతో దాన్ని తోయాలి. మొదట ఓదెలు గబగబా తోశాడు.

"ఓదెలూ, ఏడికన్న పెండ్లికి పోవాల్నా?" అన్నాడు రాజలింగు మంచె మీద నుంచి. "మగ్గంల నాడె ఎట్ల పోతది? అటు ఎట్లనో ఇటు గట్లనే. గట్ల తొయ్యి." పేక దారాన్ని అటూ ఇటూ మోసేదే నాడె.

మొదటి పూత అడ్డంగా వేశాడు, ఆరాక రెండోది నిలువుగా. ఎందుకన్నా అని అడిగితే, "పడుగు, పేక. ఒక్క దిక్కు ఏస్తే చార పడ్తది. అడ్డం మీద నిలువు పడితే చార దాసుకుంటది" అన్నాడు. ఇంజనీరుకు ఫోన్‌లో చెప్తే, వాళ్ల మనుషులు కూడా అట్లాగే వేస్తారని సంతోషపడ్డాడు.

ఆరిన తర్వాత నేను ఎడమ కంటి బొమ్మ ఒక్కటే వేశాను. హాలంతా తిరుగుతూ, కుడి అద్దంలోంచి మాత్రమే చూశాను. నల్లగా ఉండాలి. ముందు వరసల నుంచి బాగుంది. బాల్కనీ నుంచి బాగుంది. కుడివైపు కింద మాత్రం ఒక పట్టీ, మూరెడు వెడల్పున, కొంచెం మసకగా వెలుగుతోంది. అక్కడ గోడ అడ్డం వచ్చి మంచె ఆగిందట. రాజలింగుకు చూపించాను. అతను దాచలేదు, తనే పోయి పటేలుకు చూపించాడు. మళ్లీ వేస్తే చుట్టూ ఉన్నది చెడుతుంది. పటేలు చాలాసేపు ఆ మూలకే చూశారు.

"బొమ్మల ఆకాశం గా మూలకు రాదు గదా" అన్నారు చివరికి. "నేల మీద మసకుంటే ఎవలడుగుతరు. ఉండనియ్యి."

ఆ వెంటనే ఓదెలును పిలిచారు. "రాజలింగు ఎప్పుడొచ్చినా గేటు తియ్యి. తీసినంక నాకన్న సరోజనమ్మకన్న ఫోన్ కొట్టు. డబ్బా మూత తియ్యకముందే కొట్టు." రాజలింగు తల వంచుకుని నవ్వుకున్నాడు. నేను ఆ నవ్వును చాలా రోజుల తర్వాత చూశాను.

ఆ దీపావళికి త్రీడీ పడింది. ఉట్నూర్ వైపు నుంచి కూడా జీపుల్లో జనం వచ్చారు. పిల్లలు గాలిలోకి చేతులు చాపుతుంటే, ప్రొజెక్టర్ గది కిటికీలోంచి అద్దాలు లేకుండా చూసే నాకు ఆ చేతులే సినిమా. రాజలింగును పటేలు బాల్కనీలో కూర్చోబెట్టారు. ఇంటర్వెల్‌లో అతను మెట్లెక్కి నా గదికి వచ్చాడు. అద్దాలు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చెల్లె, ఒకటి అడుగుత, నవ్వద్దు. తెర ఏడికి వోయింది?"

"అంటే?"

"ఏండ్లకేండ్లు టాకీసుల బొమ్మ సూసిందే లేదు నేను. ఏడ మరకున్నది, ఏడ పలచగున్నది, కండ్లు తెర మీదికే పోతుండె. ఇయ్యాల ఎంత దేవులాడినా తెర దొరుకుతలే. అండ్ల అడివే ఉన్నది. గా మూల పట్టీ కూడ నాకు దొరకలే."

నేను నవ్వలేదు. మంచి త్రీడీలో తెర ఉండదు బిడ్డా. కిటికీ తీసి బయటికి చూసినట్టు ఉంటుంది, కిటికీ గుర్తుండదు. తన పని అందరికీ కనిపించాలని తెల్లగా, తళతళలాడేలా వేసిన మనిషి, అది కనిపించకుండా పోవడాన్ని మొదటిసారి చూస్తున్నాడు. బాధగా ఉందా అని అడిగాను. "లేదు. జర ఇచ్చంత్రంగున్నది" అని మళ్లీ బాల్కనీకి పోయాడు.

ఆ తర్వాత నేను చాలా ఏళ్లు ఆ గదిలో పనిచేశాను. కొత్త యంత్రం ఏది వచ్చినా కంపెనీవాళ్లు ఎలా నడపాలో మాకు చెప్పి పోయేవారు. వాళ్లు పోగానే నేను ఇంకొంతమందిని పిలిచేదాన్ని. దాని దగ్గరికి పిలవకుండా వచ్చేవాళ్లను, ఊడ్చేవాళ్లను, సున్నం వేసేవాళ్లను, ఏటేటా తమ పని తాము చేసుకుపోయేవాళ్లను. ముట్టొద్దని చెప్పి ఊరుకునేదాన్ని కాదు. రాజలింగుకు టార్చి వేసి చూపినట్టే, ముట్టుకుంటే ఏం పోతుందో చూపించేదాన్ని. చూసినవాళ్లు ఎవరూ ఆ యంత్రాన్ని పాడు చేయలేదు. ఇంకా, వాళ్లలో కొందరు నేను చూడని లోపాలు నాకు తెచ్చి చూపించారు.